చీరల ప్రత్యేక సంచికకు గ్రిడ్ వేసుకోవడం ఎలా?

ఇంటర్నెట్‌లో దొరికే ఫ్యాషన్ పత్రికల టెంప్లేట్లలో చాలావాటిని ఇంగ్లిష్ అక్షరాలను, గౌన్లు, కోట్లు వేసుకున్న మోడళ్ల ఫొటోలను దృష్టిలో పెట్టుకొని తయారుచేశారు. వాటిలో తెలుగు వ్యాసం పోస్తే వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి, పొడవైన పదాలు సన్నని కాలమ్‌లో ఇమడక మధ్యలో పెద్ద ఖాళీలు ఏర్పడతాయి, ఫొటోలోని చీర కుచ్చిళ్ల దగ్గరో కొంగు దగ్గరో తెగిపోతుంది. గ్రిడ్‌ను అరువు తెచ్చుకుంటే వచ్చే చిక్కులివి. తెలుగు వరుసకు కావలసిన ఎత్తు, చీర ఫొటోకు కావలసిన ఆకారం, ఈ రెండింటి నుంచి గ్రిడ్‌ను మనమే కట్టుకుంటే వీటిలో చాలావరకు తలెత్తవు. 32 పేజీల చేనేత చీరల ప్రత్యేక సంచికను ఉదాహరణగా తీసుకొని, కాగితం కొలత దగ్గర నుంచి ప్రెస్సుకు పంపే ఫైలు వరకు ఆ పని ఎలా సాగుతుందో చూద్దాం.

గ్రిడ్ అంటే పేజీని నిలువుగా కాలమ్‌లుగా, అడ్డంగా వరుసలుగా విభజించే కనబడని గీతల అల్లిక. అక్షరాలు, ఫొటోలు, పేజీ సంఖ్యలు అన్నీ ఆ గీతలను ఆనుకొని కూర్చుంటాయి కాబట్టి ప్రతి పేజీ వేరుగా కనిపించినా సంచిక మొత్తం ఒకే చేతిలో తయారైనట్టు ఉంటుంది. 1959లో జర్మనీలో మొదలైన ట్వెన్ పత్రికకు డిజైనర్ విల్లీ ఫ్లెక్‌హౌస్ 12 భాగాల గ్రిడ్ వాడారు. 12ను రెండు, మూడు, నాలుగు, ఆరు భాగాలుగా విడగొట్టవచ్చు కనుక ఒకే గ్రిడ్‌లో ఎన్నో రకాల పేజీలు పుడతాయి. మనమూ ఆ సంఖ్యనే తీసుకుందాం.

కొలతలు: అక్షరం నుంచి మొదలుపెట్టాలి

సాధారణంగా అందరూ ముందు కాలమ్‌లు గీసి తరువాత వ్యాసం పోస్తారు. ఆ క్రమాన్ని తిప్పి, ముందుగా వ్యాసానికి వాడబోయే ఫాంటును ఎంచుకొని, ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ వంటి పదాలున్న పేరాను 10.5 పాయింట్లలో కంపోజ్ చేసి, అసలు సైజులోనే ప్రింటు తీసి చూడాలి. తెలుగులో గుడులు పైకి, వత్తులు కిందికి వెళతాయి కాబట్టి ఇంగ్లిష్‌కు సరిపోయే 13 పాయింట్ల లైన్ స్పేసింగ్ (ఒక వరుస నుంచి తరువాతి వరుసకు ఉండే దూరం) ఇక్కడ ఇరుకవుతుంది. మండలి, నోటో సెరిఫ్ తెలుగు వంటి ఫాంట్లు ఒక్కొక్కటి ఒక్కో విధంగా చోటు తీసుకుంటాయి, అందువల్ల కంటితో చూసి తేల్చుకోవడమే మంచిది. మన ఉదాహరణకు 17 పాయింట్లు, అంటే దాదాపు సరిగ్గా 6 మిల్లీమీటర్లు తీసుకుందాం. ఇక మీదట పై, కింది మార్జిన్ల మధ్య నిలువు కొలతలన్నీ ఈ 6కు గుణిజాలుగానే ఉంటాయి.

పేజీ వెడల్పు 210, ఎత్తు 280 మిల్లీమీటర్లు అనుకుందాం. పైన 14, కింద 20 మిల్లీమీటర్ల మార్జిన్ వదిలితే మధ్యలో 246 మిల్లీమీటర్లు మిగులుతుంది, అందులో సరిగ్గా 41 వరుసలు పడతాయి. ఆ 41 వరుసలను ఆరు అడ్డపట్టీలుగా చేసి, ఒక్కో పట్టీకి ఆరు వరుసలు ఇచ్చి, పట్టీకీ పట్టీకీ మధ్య ఒక వరుస ఖాళీ వదలాలి. అప్పుడు ఒక్కో పట్టీ ఎత్తు 36 మిల్లీమీటర్లు, మధ్య ఖాళీ 6 మిల్లీమీటర్లు అవుతుంది.

అడ్డంగా చూస్తే, బైండింగు వైపు 18, బయటి వైపు 12 మిల్లీమీటర్లు వదిలాక 180 మిల్లీమీటర్లు ఉంటుంది. కాలమ్‌ల మధ్య ఖాళీని కూడా 6 మిల్లీమీటర్లే పెడితే 12 కాలమ్‌లలో ఒక్కొక్కటి 9.5 మిల్లీమీటర్లు వస్తుంది. నిలువు ఖాళీ, అడ్డ ఖాళీ సమానంగా ఉండటం వల్ల నాలుగు ఫొటోలను పక్కపక్కన, కిందా పైనా పేర్చినప్పుడు వాటి మధ్య తెల్లని దారులన్నీ ఒకే మందంతో కనిపిస్తాయి. ఫొటోలే ప్రధానమైన పత్రికలో ఈ చిన్న విషయానికి పెద్ద విలువ ఉంది.

ఈ కొలతలను పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో, అన్ని పేజీలకూ మూసగా ఉండే పేరెంట్ పేజీ మీద (పాత వెర్షన్లలో దాన్ని మాస్టర్ పేజీ అనేవారు) ఒకసారి పెట్టుకుంటే అన్ని పేజీలకూ వస్తాయి. అక్షరాల వరుసలు కూర్చునే అడ్డగీతలను, అంటే బేస్‌లైన్ గ్రిడ్‌ను, పేజీ పైఅంచు నుంచి 20 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టి ప్రతి 6 మిల్లీమీటర్లకు ఒక గీత వచ్చేలా ఇవ్వాలి. అప్పుడు ప్రతి పట్టీలోని ఆరో వరుస ఆ పట్టీ అడుగు గీతపైనే కూర్చుంటుంది. తెలుగు యూనికోడ్ అక్షరాలు విడిపోకుండా ఉండాలంటే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్‌ను ఎంచుకోవడం మరిచిపోకూడదు. డబ్బు పెట్టి కొనలేనివారికి స్క్రైబస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, గైడ్లు, బేస్‌లైన్ గ్రిడ్ అందులోనూ ఉన్నాయి.

వ్యాసం ఎన్ని కాలమ్‌లలో?

12 కాలమ్‌లు ఉన్నాయని వ్యాసాన్ని 12 ముక్కలు చేయనక్కరలేదు. ఆరు కాలమ్‌లను కలిపితే 87 మిల్లీమీటర్లు, నాలుగు కలిపితే 56 మిల్లీమీటర్లు వస్తాయి. ఇంగ్లిష్ పత్రికలు ఇష్టపడే మూడు కాలమ్‌ల అమరిక, అంటే 56 మిల్లీమీటర్ల వెడల్పు, తెలుగు వ్యాసానికి నప్పదని నా అభిప్రాయం. ‘నేయించుకోవాల్సివచ్చిందని’ వంటి పదం ఒక్కటే వరుసలో పెద్ద భాగాన్ని ఆక్రమిస్తుంది, రెండు వైపులా సమానంగా సర్దితే మిగిలిన రెండు మూడు పదాలు దూరదూరంగా నిలబడతాయి. ప్రధాన వ్యాసానికి 87 మిల్లీమీటర్ల రెండు కాలమ్‌లే వాడి, 56 మిల్లీమీటర్ల వెడల్పును ధరలు, ఉతికే విధానం, దొరికే చోటు వంటి చిన్న సమాచారానికి, అదీ ఎడమవైపు మాత్రమే సర్ది, కేటాయించడం మేలు.

ఫొటో కింద రాసే వాక్యాలకు 8.5 పాయింట్ల అక్షరం, 12.75 పాయింట్ల లైన్ స్పేసింగ్ పెడితే వాటి నాలుగు వరుసలు ప్రధాన వ్యాసపు మూడు వరుసలకు సమానమవుతాయి కాబట్టి గ్రిడ్‌తో మళ్లీ కలుస్తాయి. శీర్షికల లైన్ స్పేసింగ్‌ను 17కు గుణిజాలైన 34 లేదా 51 పాయింట్లుగా ఉంచాలి.

చీరను గ్రిడ్‌లో నిలబెట్టడం

అసలు పని ఇక్కడుంది. కెమెరాలో నిలువుగా తీసిన ఫొటో సాధారణంగా 2:3 నిష్పత్తిలో ఉంటుంది. మన గ్రిడ్‌లో తొమ్మిది కాలమ్‌ల వెడల్పు 133.5, ఐదు పట్టీల ఎత్తు 204 మిల్లీమీటర్లు, ఆ చట్రం 2:3కు చాలా దగ్గర. తల నుంచి పాదం దాకా నిలబడిన మోడల్ ఫొటోను దాదాపు ఏమీ కోయకుండా ఇందులో పెట్టవచ్చు. పక్కన మిగిలిన మూడు కాలమ్‌లలో, 40.5 మిల్లీమీటర్ల చోటులో, ఫొటో వివరాలు రాయవచ్చు, లేదా ఖాళీగానే వదిలేయవచ్చు. ఖాళీగా వదలడానికి యజమానులు, ప్రకటనల విభాగం వారు ఒప్పుకోవడం కష్టమే గాని, చీర రంగు కంటికి ఆనేది ఆ తెలుపు పక్కన ఉన్నప్పుడే.

పేజీ నిండా ఫొటో వేయాలంటే లెక్క మారుతుంది. మూడు బయటి అంచుల్లో 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) కలుపుకొని 213 వెడల్పు, 286 ఎత్తు కావాలి. 2:3 ఫొటోను 213 వెడల్పుకు పెంచితే ఎత్తు 319.5 అవుతుంది, అంటే 33 మిల్లీమీటర్లకు పైగా పైనో కిందో కోయాల్సిందే. కింద కోస్తే కుచ్చిళ్ల అంచు పోతుంది, చీరల పత్రికలో అంచు పోయిన ఫొటో దేనికీ పనికిరాదు. కాబట్టి గ్రిడ్ పూర్తయ్యాకే ఫొటోషూట్ పెట్టుకొని, ఏ ఫొటో ఏ చట్రంలోకి వెళుతుందో ఫొటోగ్రాఫర్‌కు ముందుగా కాగితం మీద గీసి ఇవ్వాలి. తల పైన, పాదాల కింద ఎంత చోటు వదలాలో అప్పుడు వారికే తెలుస్తుంది. ఈ ఒక్క అడుగు దాటవేస్తే తరువాత ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోలేదు.

నేత వివరాలను చూపే దగ్గరి ఫొటోలకు వస్త్రాన్ని బట్టే ఆకారాన్ని ఎంచుకోవాలి. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును కలిపి నేస్తారు, ఆ కలిసే చోటే చూపాల్సిన విశేషం. అందువల్ల రెండు కాలమ్‌ల వెడల్పు, ఆరు పట్టీల పొడవు ఉన్న నిలువు ముక్క, అంటే 25కు 246 మిల్లీమీటర్లు, దానికి చక్కగా కుదురుతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో దారాన్ని ముందే కట్టి రంగులు అద్ది నేస్తారు కాబట్టి బొమ్మల అంచులు మెత్తగా చెదిరినట్టుంటాయి. సన్నని ముక్కలో పెడితే ఆ అందం ముద్రణ లోపంలా కనిపించే ప్రమాదం ఉంది, దానికి కనీసం ఆరు కాలమ్‌లు, మూడు పట్టీల చట్రం ఇచ్చి, బొమ్మ పూర్తిగా ఒకసారి తిరిగి వచ్చేంత మేర చూపాలి. పరిచిన కొంగుకు రెండు పేజీల మీదుగా సాగే అడ్డచట్రం బాగుంటుంది.

రెండు పేజీల మీదుగా వేసే ఫొటో విషయంలో బైండింగును గుర్తుంచుకోవాలి. మధ్యలో పిన్నులు కొట్టే 32 పేజీల సంచికలో, ముఖచిత్రాన్ని ఒకటో పేజీగా లెక్కిస్తే, ఎదురెదురుగా వచ్చే పేజీల్లో 16, 17 మాత్రమే ఒకే కాగితంపై పక్కపక్కన అచ్చవుతాయి. మిగిలిన చోట్ల ఎడమ సగం ఒక కాగితం మీద, కుడి సగం మరో కాగితం మీద పడటం వల్ల రంగు కొద్దిగా తేడా రావచ్చు, గీతలు కలవకపోవచ్చు. సంచికలోని అతి విలువైన కొంగు ఫొటోను ఆ నడిమి పేజీలకు దాచిపెట్టుకోవాలి. మోడల్ ముఖం మడత మీదికి ఎక్కడా రాకూడదు.

వ్యాసం, ఫొటో పక్కపక్కన ఉన్నప్పుడు ఒక సర్దుబాటు అవసరమవుతుంది. ఫొటో కింది అంచు పక్క వరుస అడుగుతో సరిగ్గా కలుస్తుంది గాని, పైఅంచు మాత్రం పక్కనున్న మొదటి వరుస తలకట్టు కంటే కొంచెం పైకి పొడుచుకు వచ్చినట్టుంటుంది. అటువంటి చోట ఫొటో పైఅంచును తలకట్టు మట్టానికి దించాలి.

పేజీల వరుస

విడివిడిగా అందంగా ఉన్న పేజీలు వరుసగా వచ్చినప్పుడు విసుగు పుట్టించవచ్చు. 1934 నుంచి 1958 వరకు అమెరికా ఫ్యాషన్ పత్రిక హార్పర్స్ బజార్‌కు ఆర్ట్ డైరెక్టరుగా ఉన్న అలెక్సీ బ్రోడోవిచ్ పేజీలను నేల మీద పరిచి, నిలబడి చూస్తూ వాటి వరుసను మార్చేవారు. సంచిక మొత్తాన్ని ఒకేసారి చూడటానికి ఇప్పటికీ ఇంతకంటే మంచి పద్ధతి లేదు. అగ్గిపెట్టె అంత సైజులో 32 పేజీలనూ ప్రింటు తీసి నేల మీద పరచాలి. నిండు ఫొటో ఉన్న పేజీల తరువాత తెల్లని చోటు ఎక్కువున్న పేజీలు వస్తున్నాయా, ఒకే అమరిక వెంటవెంటనే పడుతోందా, ఎదురెదురు పేజీల్లో రెండు ముదురు ఎరుపు చీరలు ఒకదాన్నొకటి మింగేస్తున్నాయా అన్నది చూసి మార్చాలి.

గ్రిడ్‌ను దాటడం ఈ దశలోనే ఆలోచించాలి. ఎగిరే పైటను, తిరుగుతున్న కుచ్చిళ్లను గీత దాటించి పక్క కాలమ్‌లోకి పోనిస్తే కదలిక తెలుస్తుంది, అయితే ఆ పేజీలో మిగతావన్నీ గీతలను అంటిపెట్టుకొని ఉంటేనే ఆ దాటడం కావాలని చేసినట్టు కనిపిస్తుంది. సంచికలో ఒకటి రెండు చోట్లకు మించి చేయకపోవడం మంచిది.

ప్రెస్సుకు పంపే ముందు

పేజీ నిండా వేసే ఫొటోకు 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) చొప్పున సుమారు 2516కు 3378 పిక్సెళ్లు కావాలి, రెండు పేజీల ఫొటోకు సుమారు 5031కి 3378 కావాలి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా దీనికి సరిపోతుంది, వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చినది సరిపోదు. జరీ మెరుపు నాలుగు రంగుల ముద్రణలో ఆవపిండి రంగుకు దిగజారుతుంది, కాబట్టి స్క్రీన్ మీద చూసిన బంగారాన్ని నమ్మకుండా, వాడబోయే కాగితం మీదే ఒక పేజీ ప్రూఫు, అంటే నమూనా ముద్రణ, అడగాలి. ఫొటో మీద తెల్ల అక్షరాలు వేయాల్సివస్తే సన్నని ఫాంటు వద్దు, వత్తులు సిరాలో పూడుకుపోతాయి.

చివరగా అసలు సైజులో డమ్మీ (నమూనా ప్రతి) తీసి, మడిచి, పిన్ను కొట్టి చూడాలి. ఇన్ని కాగితాలు ఒకదానిలో ఒకటి ఇమిడినప్పుడు లోపలి పేజీలు బయటికి కొద్దిగా తోసుకొస్తాయి, కత్తిరింపులో ఆ మేరకు నడిమి పేజీల బయటి మార్జిన్ తగ్గుతుంది. పేజీ సంఖ్యను బయటి మార్జిన్‌లోకి నెట్టకుండా, కింది మార్జిన్‌లో చివరి కాలమ్ గీతకు ఆనించి పెట్టుకుంటే 12 మిల్లీమీటర్లలో ఒకటి రెండు పోయినా సంఖ్య కత్తికి దొరకదు.