బరంపురంలో హాస్టలా, బయట గదా?

ఒడిశాలోని బరంపురం యూనివర్సిటీలో సీటు వచ్చిన మన పిల్లలు అద్దె ఎంతని అడుగుతారు గానీ దూరం చూడరు. భంజ విహార్ క్యాంపస్ ఊరికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉంది. టౌన్‌లో గది చవగ్గా దొరికినా, రానూపోనూ ఆటో ఖర్చు నెలకి లెక్కేసి అద్దెలో కలపండి. ఆ మొత్తాన్ని హాస్టల్ ఫీజుతో పోల్చండి.

బయట గదే అనుకుంటే కరెంటు సంగతి ముందే తేల్చుకోండి. సబ్‌మీటర్ (మీ గదికి విడిగా మీటర్) ఉందా, యూనిట్‌కి ఎంత తీసుకుంటారు, నీళ్ల మోటారు బిల్లు ఎవరిది? చేరిన రోజే మీటర్ రీడింగ్ ఫోటో తీసి ఓనర్‌కి వాట్సాప్ చేయండి. అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకి రాస్తారు, ఏడాది మించితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి. అంటే వేసవి సెలవుల్లో ఇంటికెళ్లినా అద్దె నడుస్తూనే ఉంటుంది. మధ్యలో ఖాళీ చేస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలో, అడ్వాన్స్‌లో ఎంత కోస్తారో అందులోనే రాయించుకోండి. ఇంట్లో తెలుగు మాట్లాడే ఓనర్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. మనవాళ్లే కదా అని నోటిమాటతో వదిలేయకండి! కాగితం ఒడియాలో ఉంటే చదవగలిగినవాళ్లకి చూపించాకే సంతకం.

మేడ మీద రేకుల గది ఎంత చవకైనా వద్దు. అక్టోబరు ఇక్కడ తుపాన్ల నెల, 2013లో ఫైలిన్ తుపాను ఈ ఊరికి దగ్గర్లోని గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది.

హాస్టల్‌కి వెళ్లేవాళ్లు పండగకి ఊరెళ్తే మెస్ బిల్లు తగ్గుతుందా అని సీనియర్లని అడగండి. ఒడియా బొత్తిగా రాకపోతే మొదటి ఏడాది హాస్టలే నయమని నా అభిప్రాయం.