ఎర్రర్ ఒకచోట, గీత ఇంకోచోట: పార్సర్‌లో లైన్, కాలమ్ తప్పుతుంటే

పార్సర్ (కోడ్ చదివి దాని నిర్మాణం తేల్చే ప్రోగ్రామ్) రాసినవాళ్లు నా దగ్గరికి తెచ్చే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే: తప్పును సరిగ్గానే పట్టుకుంటోంది, చూపించే చోటే తేడా. వెంటనే డీబగ్గర్ తెరిచి లెక్సర్ (కోడ్‌ను టోకెన్లనే చిన్న ముక్కలుగా కోసే భాగం) నిండా బ్రేక్‌పాయింట్లు పెట్టేస్తారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. ముందు తేడా ఎంతో కొలవండి. అన్నిచోట్లా ఒకటేనా? లైన్ నంబరుతో పాటు పెరుగుతోందా? కొన్ని లైన్లలోనే వస్తోందా? ఆరేడు లైన్ల ఫైలు రాసి, ఒక్కో లైన్లో కావాలనే ఒక తప్పు పెట్టి, వచ్చిన అంకె పక్కన రావలసిన అంకె రాసుకోండి. పది నిమిషాల పని. ఆ కాగితం చూడకుండా నేను ఎవరి కోడూ తెరవను.

అన్నిచోట్లా సరిగ్గా ఒకటి తేడా

లెక్క సున్నా నుంచా, ఒకటి నుంచా అన్న పాత గొడవే. పైథాన్ ఏఎస్‌టీలో (కోడ్‌ను పార్స్ చేశాక వచ్చే చెట్టులో) లైన్ 1 నుంచి మొదలవుతుంది, కాలమ్ 0 నుంచి. ఎడిటరూ, తప్పులు చెప్పే సర్వరూ మాట్లాడుకోవడానికి వాడే లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌లో రెండూ 0 నుంచే. గో స్టాండర్డ్ లైబ్రరీలో రెండూ 1 నుంచి. మీ కోడ్ లోపల అంతా 0 పెట్టుకుని, మనిషికి చూపించే చోట మాత్రమే ఒకటి కలపండి.

కొంతదూరం సరిగ్గా ఉండి, అక్కడి నుంచి లైన్ నంబర్ తగ్గిపోతోంది

లెక్క తప్పిన మొదటి లైనుకు కాస్త పైన చూడండి. అక్కడ రెండుమూడు లైన్ల కామెంటో, లైను దాటి సాగే స్ట్రింగో ఉంటుంది. ఖాళీలు దాటించే ఫంక్షన్‌లో న్యూలైన్ లెక్క పెట్టి ఉంటారు, కామెంట్ దాటించే ఫంక్షన్‌లో మర్చిపోయి ఉంటారు. మర్చిపోయిన చోట ఇంకో కౌంటర్ అతికించకండి, రేపు ఇంకోచోట మర్చిపోతారు. లైన్, కాలమ్ కౌంటర్లను లెక్సర్‌లోంచి పూర్తిగా తీసేయండి. టోకెన్ దగ్గర బైట్ ఆఫ్‌సెట్ (ఫైలు మొదటి నుంచి ఎన్ని బైట్ల దూరమో) ఒక్కటే ఉంచండి. ఫైలు చదవగానే ఏ లైన్ ఏ ఆఫ్‌సెట్ దగ్గర మొదలవుతుందో ఒక పట్టిక తయారు చేసుకుని, అడిగినప్పుడు అందులో బైనరీ సెర్చ్ చేస్తే లైన్ దొరుకుతుంది. బ్యాక్‌ట్రాక్ చేసినప్పుడు, అంటే పార్సర్ వెనక్కి వచ్చి ఇంకో దారి ప్రయత్నించినప్పుడు, ఆఫ్‌సెట్ వెనక్కి వెళ్లి కౌంటర్ వెళ్లకపోవడం అనే జబ్బు కూడా దీంతోనే పోతుంది.

లైనుకు ఒకటి చొప్పున ఆఫ్‌సెట్ తేడా పెరుగుతోంది

విండోస్ ఫైలు. 200వ లైన్లో సరిగ్గా 199 తేడా వస్తే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు: చదివేటప్పుడు లైన్ చివరి రెండు బైట్లను ఒకటిగా మార్చేశారు, ఆ ఆఫ్‌సెట్‌ను పట్టుకెళ్లి అసలు ఫైలు మీద పెట్టారు. ఫైలును ఉన్నది ఉన్నట్టు చదవండి, ఆ రెండు బైట్లూ కలిపి ఒకే లైన్ ముగింపుగా గుర్తించండి. లైన్ నంబర్లే రెట్టింపు అవుతుంటే రెండింటినీ విడివిడిగా లెక్కపెడుతున్నారు.

మొదటి లైన్లో మాత్రమే 3 బైట్ల తేడా అయితే ఫైలు మొదట్లో బీఓఎం (ఎన్‌కోడింగ్ గుర్తుగా పెట్టే, కంటికి కనిపించని బైట్లు) ఉంది. దాటించండి, కానీ పట్టిక లెక్కలో ఆ మూడు బైట్లు మర్చిపోకండి.

కొన్ని లైన్లలోనే కాలమ్ తప్పుతోంది

నన్ను రెండుసార్లు ముంచింది ఇదే. మొదటిసారి రెండు రోజులు పోయాయి. ఒక చిన్న కాన్ఫిగరేషన్ భాషకు ఎడిటర్ సపోర్ట్ రాస్తున్నాను. అందులో ఈ లైన్ ఉంది, ఎర్రర్ రావలసింది డాలర్ గుర్తు దగ్గర:

పేరు = "తెలుగు" $ 5

ఎర్ర గీత మాత్రం లైన్ చివరికి పోయి కూర్చుంది. పార్సర్ తప్పును ఆలస్యంగా పట్టుకుంటోందని నమ్మి, ఎర్రర్ రికవరీ (తప్పు తగిలాక మళ్లీ చదవడం కొనసాగించే) కోడ్ అంతా తిరగరాశాను. దానికి ఏ రోగమూ లేదు. డాలర్ ఏ కాలమ్‌లో ఉందన్న దానికి మూడు నిజమైన జవాబులున్నాయి, నేను ఒకటి పంపాను, ఎడిటర్ ఇంకోటి అనుకుంది.

ఒకటి నుంచి లెక్కపెట్టి చూడండి. యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతి) బైట్లలో డాలర్ 37వది, ఎందుకంటే మన అక్షరం, గుణింతం గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు. "తెలుగు" ఒక్కటే 18. కోడ్‌పాయింట్లలో (యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చే అంకెల్లో) 17వది. కంటికి కనిపించే అక్షరాలుగా చూస్తే 12వది. లైన్ మొత్తం పొడవు 19 కోడ్‌పాయింట్లే కాబట్టి 37 అని పంపితే ఎడిటర్ చేయగలిగిందల్లా లైన్ చివర గీత పెట్టడమే. ఇంగ్లిష్ అక్షరాలున్న లైన్లో ఈ మూడూ ఒకటే అంకె, అందుకే టెస్టులన్నీ పచ్చగా ఉంటాయి.

బైట్లు మానేసి కోడ్‌పాయింట్లు పంపాను. తెలుగు లైన్లన్నీ సరిపోయాయి, పని అయిపోయిందనుకున్నాను. కొన్ని నెలల తర్వాత ఒక సహోద్యోగి ఫైల్లో స్ట్రింగ్ లోపల 👍 ఉంది, గీత ఒక గడి ఎడమకు జరిగింది. లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ లెక్క కోడ్‌పాయింట్లు కాదు, యూటీఎఫ్-16 యూనిట్లు (16 బిట్ల ముక్కలు). తెలుగు అక్షరాలకు ఆ రెండూ ఒకటే, ఇలాంటి ఎమోజీకి మాత్రం రెండు యూనిట్లు పడతాయి. తెలుగుతో టెస్ట్ చేశాం కదా అన్న ధీమాయే నన్ను ముంచింది.

పరిష్కారం: లోపల బైట్ ఆఫ్‌సెట్ తప్ప ఇంకేమీ వద్దు. బయటికి పంపే చోట ఆ లైన్ మొదలు నుంచి ఆఫ్‌సెట్ వరకు ఉన్న ముక్కను తీసుకుని, అవతలివాళ్లు ఏ కొలత అడుగుతారో అందులో లెక్కపెట్టండి. ఎర్రర్ వచ్చినప్పుడే చేసే పని, స్పీడ్ గురించి టెన్షన్ అక్కర్లేదు. ప్రోటోకాల్ 3.17 నుంచి సర్వర్, ఎడిటర్ మాట్లాడుకుని యూటీఎఫ్-8కు ఒప్పుకోవచ్చు. ఏమీ చెప్పకపోతే యూటీఎఫ్-16 అనే అర్థం. గో ఇచ్చే కాలమ్ బైట్లలో ఉంటుంది. పైథాన్ ఏఎస్‌టీ ఇంకా చిలిపిది: స్ట్రింగులేమో కోడ్‌పాయింట్లు, కాలమ్ ఆఫ్‌సెట్ మాత్రం యూటీఎఫ్-8 బైట్లు. ఆ అంకెతో లైన్‌ను నేరుగా కోస్తే లైన్లో తెలుగు తర్వాత వచ్చే ప్రతిచోటా తప్పుతుంది. ముందు లైన్‌ను బైట్లుగా మార్చి కోయండి.

కంటికి కనిపించే అక్షరాల లెక్కను ఎక్కడికీ పంపకండి. "స్త్రీ"ని పాత యూనికోడ్ నియమాలు మూడు ముక్కలు చేసేవి, 2023లో వచ్చిన 15.1 నుంచి ఒకటే ముక్క. లైబ్రరీ వెర్షన్ మారితే కాలమ్ మారుతుందన్నమాట. వేలితో లెక్కపెట్టి సరిచూసుకునేవాళ్లకు ఇంకో మాట: "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలో ట పొల్లుకూ "వే"కూ మధ్య కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. అది కూడా ఒక కోడ్‌పాయింటే, మూడు బైట్లే.

టెస్టుల్లో ఈ లైన్ పెట్టండి:

"క్షమ👍" $

డాలర్ కాలమ్ సున్నా నుంచి లెక్కిస్తే బైట్లలో 19, యూటీఎఫ్-16లో 9, కోడ్‌పాయింట్లలో 8. మూడూ వేరు కాబట్టి మీ కోడ్ ఏది లెక్కపెడుతోందో మొదటి రన్‌లోనే బయటపడుతుంది.

టెర్మినల్‌లో బాణం గుర్తు పక్కకు పోతోంది

ట్యాబ్ ఉన్న లైన్లలోనే అయితే, బాణం ముందు పెట్టే ఖాళీలో అసలు లైన్లోని ట్యాబులను ట్యాబులుగానే ఉంచండి. సీ కంపైలర్ జీసీసీ వెర్షన్ 11 నుంచి కాలమ్‌ను తెరమీది వెడల్పుతో చెబుతుంది, ట్యాబ్‌ను 8గా లెక్కిస్తుంది, కాబట్టి దాని అంకెతో మీది పోల్చి కంగారు పడకండి. తెలుగు లైన్ల కింద బాణం కుదరడం మాత్రం మన చేతిలో లేదు. ఒక్కో టెర్మినల్ మన అక్షరాలకు ఒక్కో వెడల్పు ఇస్తుంది. నేను ఆ ప్రయత్నం మానేసి, తప్పు టోకెన్‌నే కోట్స్‌లో పెట్టి మెసేజ్‌లో చూపిస్తున్నాను.

మిగిలినవి అరుదు. జావాస్క్రిప్ట్‌లో యూ+2028, యూ+2029 (లైన్లను, పేరాలను విడదీసే యూనికోడ్ గుర్తులు) కూడా లైన్ ముగింపులే. పైథాన్ స్ప్లిట్‌లైన్స్ ఫార్మ్ ఫీడ్ (కొత్త పేజీ అని చెప్పే కంట్రోల్ గుర్తు) దగ్గర కూడా లైన్ విరిచేస్తుంది, పట్టిక కట్టడానికి దాన్ని వాడకండి. ఇవి నాకు ఇన్నేళ్లలో ఒక్కోసారే తగిలాయి.