శిల్పాన్ని ఫోటో తీయడం ఎలా?

నెలల తరబడి చెక్కిన బొమ్మను ఒక్క క్లిక్కుతో పాడుచేయడం చాలా తేలిక. ట్యూబ్‌లైటు కింద నిలబెట్టి, ఫోన్‌ను దాని ముఖం మీదికి తీసుకెళ్లి, ఫ్లాష్ వేస్తే చాలు. ముక్కు ఉబ్బిపోతుంది, చెవులు వెనక్కి పోతాయి, ఒంపులన్నీ అట్టముక్కలా చదునైపోతాయి. ప్రదర్శనలకు పంపే ఫోటోలు ఇలాగే వస్తుంటే చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

కావలసినవి తక్కువే. ఏదో ఒక కెమెరా, ట్రైపాడ్, ఒక ఎల్‌ఈడీ లైటు, ఒక తెల్లటి థర్మోకోల్ షీటు, వెనక పరచడానికి బూడిదరంగు కాగితం చుట్ట. గుడ్డ వద్దు, ఎంత ఇస్త్రీ చేసినా మడతలు కనిపిస్తాయి. లెన్స్ 85 నుంచి 100 మి.మీ. మధ్య ఉంటే మంచిది. ఫోనైతే 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్స్ వాడండి.

1. నిలబెట్టడం

మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. కాగితాన్ని గోడ మీది నుంచి బల్ల మీదికి వంపుగా దించితే వెనక మూల గీత కనిపించదు. శిల్పం గోడకు కనీసం ఒక మీటరు ముందుండాలి.

2. కెమెరా

రెండు మూడు మీటర్ల దూరంలో, శిల్పం సగం ఎత్తుకు లెన్స్ వచ్చేలా పెట్టండి. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలన్న అంకె) 100, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/8 లేదా ఎఫ్/11, రెండు సెకన్ల టైమర్. ఇక్కడ ఆలోచించాల్సింది పెద్దగా ఏమీ లేదు.

ఏ వైపు నుంచి తీయాలన్నది మాత్రం పాత గొడవే. కళాచరిత్రకారుడు హైన్‌రిష్ వోల్ఫ్‌లిన్ 1896లోనే దీని మీద వ్యాసం రాశాడు. శిల్పి ఉద్దేశించిన ముఖ్యమైన దిక్కును వదిలేసి ఫోటోగ్రాఫర్లు పక్కనుంచీ ఏటవాలుగానూ తీసి రూపాన్ని చెడగొడుతున్నారని ఆయన కోపం. పాత శిల్పాల విషయంలో ఆయన మాటే నా మాట. ముందు ఎదురుగా ఒకటి తీయండి, మీ సొంత కోణాలు ఆ తర్వాత.

3. లైటు

అసలు పని ఇక్కడుంది. ముందు గదిలో లైట్లన్నీ ఆర్పేయండి, కర్టెన్లు వేసేయండి. కిటికీ వెలుగూ బల్బు వెలుగూ కలిస్తే ఒక చెంప నీలంగా, ఇంకో చెంప పసుపుగా వస్తుంది.

లైటు ఒక్కటే. రెండు అస్సలు వద్దు. కొత్తలో నేను ఒక టెర్రకోట తలకు చెరోవైపు సమానంగా రెండు లైట్లు పెట్టాను. ఎంతో శ్రద్ధగా తీశానని మురిసిపోతుంటే, దాన్ని చేసినాయన ఫోటో చూసి, “దీనికి రెండు ముక్కులేంటండీ?” అన్నాడు. నిజమే, ముక్కు నీడ రెండు వైపులా పడింది. లోకంలో మనం చూసే వస్తువులన్నిటికీ సూర్యుడు ఒక్కడే కదా.

ఆ ఒక్క లైటును పక్కగా, 45 డిగ్రీల కోణంలో, శిల్పం కంటే కాస్త ఎత్తులో పెట్టండి. ఇప్పుడు దాన్ని మెల్లగా పక్కకు జరుపుతూ లైటును కాకుండా శిల్పాన్ని చూడండి. ఎదురుగా ఉన్నప్పుడు కనిపించని ఉలి గీతలు ఒక్కొక్కటే లేస్తాయి. కనుబొమ్మ కింద గుంట లోతు తేలుతుంది, పెదవి అంచు విడిపడుతుంది. ఇంకా జరిపితే సగం ముఖం చీకట్లో పడుతుంది. గోడ మీది ఉబ్బుశిల్పానికైతే అంత పక్కవెలుగు బాగుంటుంది. తలకైతే వెలుగూ నీడా కలిసే గీత చెంప మీద ఉండగానే ఆపేయాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. పది నిమిషాలు పట్టినా ఫర్వాలేదు.

నీడ అంచు కత్తితో కోసినట్టుంటే లైటు ముందు ట్రేసింగ్ పేపర్ పెట్టి, లైటును దగ్గరికి తెండి. తర్వాత రెండోవైపు థర్మోకోల్ షీటు నిలబెట్టి కొద్దికొద్దిగా జరపండి. నీడలో చెవి ఆకారం కనిపించగానే ఆగండి. నీడ మొత్తం పోగొడితే మళ్లీ ట్యూబ్‌లైటు దగ్గరికే వచ్చినట్టు.

నమ్మకం కుదరకపోతే ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్ తీసిన ఫోటోలు వెతికి చూడండి. ఫ్రెంచ్ శిల్పి రోదాఁ చేసిన రచయిత బాల్జాక్ విగ్రహాన్ని 1898లో, చేయించుకున్న రచయితల సంఘమే వద్దంది. పదేళ్ల తర్వాత స్టైకెన్ దాని ప్లాస్టర్ రూపాన్ని ఆరుబయట, వెన్నెల్లో ఫోటోలు తీశాడు. ఉన్నదల్లా చంద్రుడి వెలుగే. ఆ నీడలతో విగ్రహం కొండలా లేచి నిలబడింది.

4. తెలుపు, కంచు

తెల్ల ప్లాస్టర్‌ను కెమెరా బూడిదరంగు చేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి, అంటే వెలుగు రెట్టింపు. నల్లటి కంచుకు ఒక స్టాప్ తగ్గించండి. మెరుగుపెట్టిన కంచు అద్దంతో సమానం, మీ చొక్కా కూడా అందులో కనిపిస్తుంది. నల్లది వేసుకోండి. లైటును కంచు మీదికి కాకుండా తెల్ల షీటు మీదికి తిప్పండి, ఆ షీటు వెలుగే కంచులో పొడవాటి చారలా పడుతుంది. లెన్స్‌కు పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) తగిలిస్తే మెరుపు పోతుందని చెప్తారు, ఒట్టి లోహం దగ్గర అది పనిచేయదు. శిల్పి బ్రాంకుసి తన కంచు శిల్పాలను తనే ఫోటో తీసుకుంటూ మెరుపును కావాలనే పేలనిచ్చాడు. ఆయన శిల్పం ఆయన ఇష్టం, మీరు ఇంకొకరి శిల్పం తీస్తున్నారు.

5. ఇన్‌స్టలేషన్ అయితే

ఇన్‌స్టలేషన్ అంటే గదినంతా కళాఖండంగా మలిచేది. మీ లైటు గది బయటే వదిలేయండి. అక్కడి వెలుగు కూడా కళాకారుడి పనే. 2003లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియంలో కళాకారుడు ఓలాఫుర్ ఎలియాసన్ ‘ది వెదర్ ప్రాజెక్ట్’ పేరుతో పెట్టిన సూర్యుడు హాలంతా పసుపు నింపాడు. అలాంటి చోట వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును సరిచేసే సెట్టింగు) ఆటోలో వదిలేస్తే కెమెరా ఆ పసుపును ‘సరిదిద్దబోతుంది’. డేలైట్‌లో లాక్ చేయండి. ఫ్రేములో ఒక మనిషి ఉండాలి, లేకపోతే అది హాలో అగ్గిపెట్టో తెలియదు.

చివరగా, సాఫ్ట్‌వేర్‌తో బ్యాక్‌గ్రౌండ్ కత్తిరించేసేవాళ్లకు ఒక మాట. కింద పడిన నీడ కూడా దాంతోపాటు పోతుంది, రెండు వందల కిలోల రాయి గాల్లో వేలాడుతుంది.