బల్ల మీది రైలుకు పొగ పెట్టడం

విజయవాడ జంక్షన్‌ను, కృష్ణ మీది రైలు వంతెనను, వెనుక ఇంద్రకీలాద్రిని 1:87 కొలతలో, అంటే అసలులో 87వ వంతు నమూనాగా, బల్ల మీద నిలబెట్టేటప్పుడు పట్టాలు, ఇళ్ళు, చెట్లు ఓపికకు లొంగుతాయి గాని పొగ అంత సులభంగా లొంగదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రపు గొట్టం మీద నేను మొదటిసారి దూది ఉండను అతికించినప్పుడు చూసినవారందరూ పీచుమిఠాయి అన్నారు. లోపం దూదిలో లేదు. అలాంటి కేంద్రాలలో బూడిదను విద్యుత్ క్షేత్రంతో పట్టే యంత్రాలు ఉంటాయి కాబట్టి గొట్టం నుంచి సాధారణంగా పలచని, దాదాపు పారదర్శకమైన పొర మాత్రమే వెలువడుతుంది. ఆ సంగతి ఆలోచించకుండా తెల్లని మేఘాన్ని కూర్చోబెట్టడమే నేను చేసిన తప్పు.

అందువల్ల చేతిలోకి ఏ వస్తువునైనా తీసుకునే ముందు, అక్కడ ఏది మండుతున్నదో, ఎలా మండుతున్నదో నిర్ణయించుకోవాలి. ఆవిరి ఇంజనులో కొత్తగా బొగ్గు వేసినప్పుడు నల్లటి పొగ వస్తుంది, మంట కుదుటపడిన తరువాత అది లేత బూడిద రంగుకు మారుతుంది. సేఫ్టీ వాల్వు నుంచి ఎగజిమ్మేది పొగ కాదు, ఆవిరి. వంటింట్లో కుక్కరు విజిల్ వేసినప్పుడు గమనిస్తే, రంధ్రానికి ఆనుకుని కొంత మేర ఏమీ కనిపించదు, ఆ పైన మాత్రమే తెల్లదనం మొదలవుతుంది. నమూనాలో కూడా వాల్వుకు, తెల్లని మబ్బుకు మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీని వదిలితే ఆవిరి ఆవిరిలాగే కనిపిస్తుంది. ఆల్కో డీజిల్ ఇంజను బరువైన గూడ్సును కదిలించేటప్పుడు, టర్బో వేగం అందుకొని చాలినంత గాలిని అందించేలోపు ఇంధనం పూర్తిగా కాలక, కొద్దిసేపు నల్లటి పొగ గుప్పుమంటుంది. ఏ కాలపు దృశ్యమన్నది కూడా మరచిపోకూడదు. మన బ్రాడ్‌గేజ్‌ మీద ఆవిరి ఇంజనుల రోజువారీ సేవ 1995లో ముగిసింది.

రెండవ నిర్ణయం గాలి గురించి. బల్ల మీద ఉన్న పొగలన్నీ ఒకే దిక్కుకు వాలాలి. మన ప్రాంతంలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు ప్రధానంగా పడమటి గాలి వీస్తుంది కాబట్టి, తాడేపల్లి వైపు నుంచి వంతెన ఎక్కి ఉత్తరానికి వచ్చే బండి పొగ దాని కుడివైపుకు తేలిపోవాలి. చలికాలపు తెల్లవారుజామును చూపదలచుకుంటే లెక్క వేరు. అప్పుడు నేలను ఆనుకున్న గాలి చల్లగానూ పై గాలి వెచ్చగానూ ఉండటంతో పొగ కొంత ఎత్తుకు లేచి, అక్కడ మూత పెట్టినట్టు ఆగి, అడ్డంగా పరుచుకుంటుంది. భోగినాటి ఉదయాన్ని నేను ఎంచుకున్నది ఈ కారణం చేతనే. కృష్ణ ఒడ్డున పరుచుకున్న పలచని బూడిద రంగు పొర ఇరవై నిలువు పొగల కన్నా నమ్మకంగా ఉంటుంది.

ఇక తయారీకి వద్దాం. పత్తి వ్యాపారానికి పేరుపడ్డ గుంటూరు పక్కనే ఉండి దూది వద్దనడం వింతగానే ఉండవచ్చు. కాని దూది పోగు పొట్టిది, వానాకాలపు తేమను పీల్చుకొని కుంగిపోతుంది. దిండ్లలో నింపే పాలిస్టర్ ఫైబర్ పరుపుల దుకాణంలో దొరుకుతుంది, దాని పోగు పొడవుగా ఉండి ఆకారాన్ని నిలుపుకుంటుంది. అసలు పొగ ఇరవై మీటర్లు లేస్తుందనుకుంటే నమూనాలో అది 23 సెంటీమీటర్లు. ఆ పొడవుకు, మోటారు వైండింగ్ షాపులో దొరికే సన్నని రాగి తీగను కొద్దిగా వంచి, గాలి వాలులో నిలబెట్టాలి. నిటారు తీగ ఎంత దాచినా బయటపడుతుంది. చిటికెడు ఫైబర్‌ను రెండు చేతులతో అవతలి వెలుతురు కనిపించేంత వరకు సాగదీసి తీగకు చుట్టాలి. గొట్టం మూతి దగ్గర ఇరుకుగా, చిన్న చిన్న ముద్దలుగా, గోబీపువ్వులా ఉంచి, పైకి వెళ్ళే కొద్దీ సూదితో పోగులు లాగి చెదరగొట్టాలి. చివర ఎక్కడ ముగిసిందో కంటికి తెలియకూడదు.

రంగు కోసం మెత్తగా నూరి జల్లించిన బొగ్గుపొడిని ఫైబర్‌తో పాటు పాలిథిన్ సంచిలో వేసి ఊపి, తీసి దులపాలి. మూతి దగ్గర ముదురుగా, పైన లేతగా ఉండాలంటే రెండు మోతాదుల ఫైబర్‌ను వేరువేరుగా కలిపి అంచుల దగ్గర పెనవేయాలి. చివరగా ఒక అడుగు దూరం నుంచి హెయిర్ స్ప్రే పలచగా కొడితే పొడి రాలదు. స్ప్రే ఆరేవరకు దీపం గాని, సోల్డరింగ్ ఐరన్ గాని దగ్గరకు రానీయకూడదు. భోగి మంటకు ఫైబర్ అడుగున పసుపు, ఎరుపు మినుకు ఎల్ఈడీలను పెట్టాలి. 9 వోల్టుల సరఫరాకు ఒక్కొక్క దానికి విడిగా 470 ఓముల రెసిస్టర్ సరిపోతుంది.

కదిలే పొగ కావాలనేవారికి రెండు దారులున్నాయి. నూనెను వేడిచేసి పొగ తెప్పించే చిన్న గొట్టాలు ఇంజనులోనే అమరుతాయి. వాటికోసమే అమ్మే ద్రవాన్ని చెప్పిన మోతాదులో చుక్కలుగా పోయాలి, ఎండిపోయిన గొట్టాన్ని వేడెక్కనీయకూడదు, గదిలో గాలి ఆడాలి. కొబ్బరి నూనె, అగరుబత్తి ముక్క వంటి ఇంటి ప్రయోగాల జోలికి పోవద్దు. నూనె తెర పట్టాల మీద పడితే చక్రాలు జారడమే కాక కరెంటు కూడా సరిగా అందదు, కాబట్టి ఆట ముగిసిన వెంటనే తుడవాలి. అల్ట్రాసోనిక్ పొగమంచు పరికరం చల్లగా, సురక్షితంగా పనిచేస్తుంది. అయితే దాని నుంచి వచ్చేవి నీటి తుంపరలు కనుక అవి పైకి లేవవు, కిందికి జారుతాయి. నది మీది మంచుకు ఇది అద్భుతంగా పనికి వస్తుంది, గొట్టం పొగకు మాత్రం అడుగున చిన్న ఫ్యాను లేకపోతే పనికిరాదు. కుళాయి నీళ్ళు తెల్లటి మరకలు వదులుతాయి, బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్ మేలు. ఒక సాయంత్రం అరగంట సేపు నడిపి, నా కాగితపు గుజ్జు ఇంద్రకీలాద్రి ఒక మూల మెత్తబడేంత వరకు గమనించలేదు. అప్పటి నుంచి రెండు మూడు నిమిషాలకు మించి నడపడం లేదు.

చిన్న కొలతలో నిజమైన పొగ క్షణంలో విడిపోతుంది, దాని సుడులు ఇంజను పరిమాణానికి తగినట్టు కుదించుకోవు. అందుచేత నిలబడి ఉన్న ఇంజనుకు, ఇటుక బట్టీకి, పొయ్యికి ఫైబరే నా ఎంపిక. పరిగెత్తే బండికి మాత్రం అది అంటించవద్దు, గాలికి చెదరని పొగ నవ్వు తెప్పిస్తుంది. తీగ అడుగున చిన్న అయస్కాంతాన్ని అతికించి, గొట్టం లోపల ఇనుప ముక్కను ఉంచితే పొగను ఊడదీసి పెట్టుకోవచ్చు. బెజవాడ దుమ్ముకు ఏడాదిలో తెల్ల ఆవిరి కూడా బొగ్గు పొగ రంగుకు తిరుగుతుంది, అప్పుడు కొత్త ఫైబర్‌ను చుట్టుకోవడానికి పట్టే సమయం పది నిమిషాలే.