జేసీబీని రిపేరుకిచ్చే ముందు జాగ్రత్తలు

ఆటోనగర్ షెడ్డుకు తోలినా, మెకానిక్‌ను సైటుకే పిలిపించినా ముందు ఇవి చూసుకోండి.

అవర్ మీటర్ (బండి ఎన్ని గంటలు నడిచిందో చూపేది) రీడింగ్, ఇంజిన్ నంబరు, డీజిల్ ముల్లు: ఫోటో తీసి పెట్టుకోండి.

బకెట్ లేవట్లేదనగానే మెకానిక్ "పంపు పోయింది సార్" అంటే అప్పుడే తల ఊపొద్దు. ఆయన చెప్పేది బకెట్‌ను లేపే ఆయిల్‌ను తోసే హైడ్రాలిక్ పంపు గురించి. ఆయిల్ లెవెల్, సక్షన్ స్ట్రైనర్ (పంపులోకెళ్లే ఆయిల్‌ను వడకట్టే జాలి), రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటకుండా వదిలేసేది) చూశాడా? ప్రెషర్ గేజ్ బిగించి ప్రెషర్ ఎంతొస్తోందో మీ ముందే చూపించమనండి, మాన్యువల్లోని అంకెతో పోల్చండి. గేజే లేకుండా పంపు మార్చమంటే ఖర్చు మీది, ప్రయోగం ఆయనది. పని తెలిసినవాడు "విప్పితే గానీ చెప్పలేను" అనడానికి మొహమాటపడడు, అలాంటివాణ్ని వదులుకోకండి.

హోస్ (ఆయిల్ పైపు) విప్పగానే మూతికి క్యాప్ పెట్టాలి. చాలామంది పాత గుడ్డ కుక్కుతారు, దాని పీచు, దుమ్మే కొత్త పంపును తినేస్తాయి.

విప్పే ముందు బకెట్ నేలకు ఆనించి, ఇంజిన్ ఆపి, లైన్లో ప్రెషర్ వదలాలి. లీకు వెతకడానికి చెయ్యి కాదు, అట్టముక్క వాడాలి. సన్నటి ఆయిల్ ధార చర్మంలోకి దూరిపోతుంది. గాయం సూదిమొనంతే ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

సామాను సికింద్రాబాద్ రాణిగంజ్ మార్కెట్లో మీరే కొంటారా, ఆయనే తెస్తాడా ముందే తేల్చుకోండి. ఎవరు తెచ్చినా జీఎస్టీ బిల్లు, విప్పిన పాత పార్టు రెండూ మీ చేతికి రావాలి.