నాణేలను అప్రూవల్ మీద తెప్పించుకుని కొనడం ఎలా?

పోస్టులో నాణెం వస్తుంది. కవరు విప్పి చూస్తాం. అంతగా నచ్చదు. అయినా ‘నమ్మి పంపారు కదా, తిప్పి పంపితే ఏమనుకుంటారో’ అని డబ్బు కట్టేస్తాం. నాణేలు కొనడం మొదలుపెట్టిన కొత్తలో నేను ఇలా మొహమాటానికి ఉంచేసుకున్నవి ఇప్పటికీ ఒక డబ్బాలో పడి ఉన్నాయి. వాటిలో ఇష్టపడి కొన్నది ఒక్కటీ లేదు. అప్రూవల్ పద్ధతిలో మనకు దక్కే అసలు హక్కు తిప్పి పంపడమే. దాన్ని వాడుకోవడం రాకపోతే ఈ పద్ధతిలో కొని ప్రయోజనం లేదు. అందుకే ఇక్కడ ఎక్కువగా చెప్పబోయేది నాణేన్ని ఎలా చూడాలో, నచ్చకపోతే ఎలా తిప్పి పంపాలో.

పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. వ్యాపారి ముందుగా నాణేలు పంపిస్తారు. మనం ఇంట్లో తీరిగ్గా చూసుకుని, నచ్చినవాటికి డబ్బు కట్టి, మిగతావి గడువులోగా వెనక్కి పంపేస్తాం. వర్తకంలో జాకడు అనే పాత మాట ఉంది, ఇదీ అలాంటిదే. సరుకు మన చేతిలో ఉన్నా డబ్బు కట్టేదాకా అది వ్యాపారిదే. అమెరికా, బ్రిటన్‌లలో స్టాంపుల వ్యాపారులు, నాణేల వ్యాపారులు చాలాకాలంగా ఇలా అమ్ముతున్నారు.

మొదట ఒప్పందం ఏ రకమో తేల్చుకోండి

అప్రూవల్ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు బేరాలు నడుస్తాయి. మొదటిది పైన చెప్పినది: డబ్బు తర్వాత. రెండోది ముందే డబ్బు కట్టి, నచ్చకపోతే గడువులోగా తిప్పి పంపి వాపసు తీసుకునేది. ఖరీదైన నాణేలు, కొత్త కస్టమర్ల విషయంలో చాలామంది వ్యాపారులు ఈ రెండోదానికే ఒప్పుకుంటారు. అందులో తప్పేమీ లేదు, వాళ్లకీ భయం ఉంటుంది కదా.

జాగ్రత్త పడాల్సింది మూడోదాని విషయంలో. ప్రకటనలో ఒక అందమైన నాణెం, నమ్మలేనంత తక్కువ ధర. కింద చిన్న అక్షరాల్లో మాత్రం ‘దీనితోపాటు మరికొన్ని నాణేలు అప్రూవల్ మీద పంపుతాం, ఆపై నెలనెలా పంపుతాం, ఎప్పుడైనా మానుకోవచ్చు’ అని ఉంటుంది. చౌక నాణెం ఎర, వ్యాపారం అంతా ఆ తర్వాత వచ్చేవాటి మీదే. మీరు చెప్పేదాకా పొట్లాలు ఆగవు. అలాంటి ప్రకటనకు జవాబు రాసేటప్పుడే ‘నాకు ఈ ఒక్క నాణెం చాలు, అప్రూవల్స్ వద్దు’ అని స్పష్టంగా రాసి, ఆ కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

అసలు అడగనే అడగని పొట్లం వస్తే సంగతి వేరు. అమెరికాలో 1970లో వచ్చిన తపాలా చట్టం ప్రకారం, కోరకుండా పోస్టులో పంపిన సరుకును అందుకున్నవాళ్లు కానుకగా ఉంచేసుకోవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. బ్రిటన్ కూడా 1971లో కోరని సరుకుల మీద చట్టం చేసింది. కానీ ‘అప్రూవల్స్ పంపుతాం’ అని రాసి ఉన్న ప్రకటనకు మీరు జవాబిచ్చి ఉంటే, అది కోరకుండా వచ్చినట్టు కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోకుండా ‘చట్టం ఉంది కదా’ అని నాణేలు అట్టేపెట్టుకుంటే ఇబ్బంది పడేది మీరే.

వ్యాపారికి రాసేటప్పుడు

నాణేలు తెప్పించుకునే ముందు నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి. గడువు ఎన్ని రోజులు? అది పొట్లం మీకు అందిన రోజు నుంచి లెక్కా, బిల్లు మీద తేదీ నుంచి లెక్కా? రానుపోను పోస్టేజి, ఇన్సూరెన్స్ ఎవరు భరించాలి? హోల్డర్‌లోంచి, అంటే నాణెం పెట్టి పంపే తొడుగులోంచి, దాన్ని బయటికి తీసి చూడవచ్చా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. హోల్డర్ తెరిస్తే వాపసు తీసుకోం అని షరతు పెట్టే వ్యాపారులు ఎందరో ఉన్నారు. నాణెం మార్చేసి వేరేది పంపేవాళ్లు వాళ్లకు తగిలి ఉంటారు, అందుకే ఆ షరతు. ఒక్కోసారి సీలు స్టిక్కర్ కూడా అంటిస్తారు.

గడువు లెక్క నాకు అనుభవం మీద తెలిసింది. ఒకసారి పది రోజులు అన్నారు కదా అని నిదానంగా తొమ్మిదో రోజు పోస్టు చేశాను. వాళ్ల లెక్క బిల్లు తేదీ నుంచి. దారిలోనే అయిదు రోజులు పోయాయి. వాపసు తీసుకోలేదు.

ఏం కావాలో కూడా వివరంగా రాయండి. ‘మంచి వెండి నాణేలు పంపండి’ అంటే వాళ్ల దగ్గర అమ్ముడుపోనివి వస్తాయి. ఏ నాణెం, ఏ సంవత్సరం, ఏ టంకశాల, ఏ గ్రేడ్ (నాణెం ఎంత బాగా ఉందో చెప్పే అంకె), ఎంత ధర దాకా కొనగలరు, శుభ్రం చేసిన నాణెం అయితే వద్దు, ఇలా రాస్తే పంపేవాళ్లకీ శ్రమ తగ్గుతుంది. మొదటిసారి మాత్రం చిన్న మొత్తంతోనే మొదలుపెట్టండి. పోయినా పర్వాలేదు అనుకునేంత మొత్తం చాలు.

పొట్లం వచ్చిన రోజు

వచ్చిన తేదీ కవరు మీదే రాయండి. విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. జాబితాతో ఒక్కొక్కటీ సరిచూసి, రెండు వైపులా ఫోటోలు తీయండి. ఏదైనా తక్కువ వస్తే ఆ రోజే తెలియజేయండి. పోస్టు చేయాల్సిన చివరి తేదీకి మూడు రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఈ పని పావుగంటలో అయిపోతుంది.

నాణేన్ని చూడటం

ట్యూబ్‌లైట్ కింద చూడకండి. దాని వెలుతురు అన్ని వైపులా పరుచుకుని సన్నటి గీతల్ని దాచేస్తుంది. గదిలో మిగతా లైట్లు ఆపేసి, ఒకే ఒక్క బల్బు ఉన్న టేబుల్ ల్యాంప్ కింద కూర్చోండి. కింద మెత్తటి తువ్వాలు పరవండి. అయిదు నుంచి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం సరిపోతుంది. అంతకంటే ఎక్కువైతే ప్రతి నాణెమూ గాయాలపాలైనట్టే కనిపించి, అనవసరంగా టెన్షన్. హోల్డర్‌లోంచి తీయడానికి అనుమతి ఉంటే నాణేన్ని అంచులతోనే పట్టుకోండి. పిన్నులు కొట్టిన అట్ట హోల్డర్ అయితే ముందు పిన్నులన్నీ పూర్తిగా తీసేయండి, లేకపోతే నాణెం జారేటప్పుడు పిన్ను కొన గీత పెడుతుంది. ఆ గీతతో నాణెం మీదైపోయినట్టే.

ఇప్పుడు నాణేన్ని ల్యాంప్ కింద మెల్లగా అటూ ఇటూ వాల్చండి. టంకశాలలో అచ్చు పడేటప్పుడు లోహం మధ్య నుంచి అంచులకు పారుతుంది, ఆ పారిన గుర్తులే సహజమైన మెరుపును పుట్టిస్తాయి. అందుకే వాడకంలోకి రాని వెండి నాణేన్ని వాల్చినప్పుడు వెలుగు చారలు బండి చక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతాయి. ఒక్కసారి చూస్తే మరిచిపోరు. నాణెం చేతులు మారి అరిగినచోట ఆ చార తెగిపోతుంది.

ఉదాహరణకు మోర్గాన్ డాలర్ తీసుకుందాం. అమెరికా 1878 నుంచి 1904 వరకు, మళ్లీ 1921లో కొట్టిన పెద్ద వెండి నాణెం అది. బరువు 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు, 90 శాతం వెండి. ముందు వైపు స్త్రీమూర్తి చెవికి పైనున్న జుట్టు, వెనక వైపు గద్ద రొమ్ము, ఈ రెండు చోట్లా ముందు అరుగుతుంది. భూతద్దంతో అక్కడే ఆగండి. చుట్టూ మెరుస్తూ ఆ రెండు చోట్ల మాత్రం మసకగా, బూడిద రంగులో కనిపిస్తే అది కాస్త వాడిన నాణెమే. అచ్చు సరిగ్గా పడక కూడా అక్కడ వివరాలు చదునుగా ఉండవచ్చు. కానీ అచ్చు లోపమైతే చదునుగా ఉన్నచోట కూడా మెరుపు ఉంటుంది, అరుగుదలైతే ఉండదు. ఈ తేడా పట్టుకోగలిగితే సగం విద్య వచ్చినట్టే.

దీనికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ధర నడిచేది గ్రేడ్ మీద. 1949లో విలియం షెల్డన్ అమెరికా పాత పెద్ద సెంట్ల కోసం తయారుచేసిన 1 నుంచి 70 దాకా ఉండే కొలమానాన్నే ఇప్పుడు చాలా నాణేలకు వాడుతున్నారు. 60 నుంచి పైన ఉన్నవి వాడకంలోకి రానివి. 58 అంటే లేశమాత్రం వాడినది. కళ్లకు రెండూ ఒకేలా అనిపిస్తాయి. అప్రూవల్ పొట్లాల్లో 58 నాణెం అరవైల చీటీతో రావడం నేను చాలాసార్లు చూశాను. కొన్ని సంవత్సరాల నాణేల్లో 64కీ 65కీ మధ్య కూడా ధర రెట్టింపు దాటుతుంది. చీటీ మీద రాసినది వ్యాపారి అభిప్రాయం. మీ అభిప్రాయం మీరు ఏర్పరచుకోవాలి.

తర్వాత చూడాల్సింది శుభ్రం చేసిన గుర్తులు. ఒకే దిశలో సమాంతరంగా వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తే ఎవరో గుడ్డతో తుడిచారు. ఇంతకంటే ఘోరం తిరిగే వైరు బ్రష్‌తో రుద్ది తెచ్చిన మెరుపు. నేను మొదట్లో ‘కొత్తదానిలా తళతళలాడుతోంది’ అని మురిసిపోయి ఉంచుకున్న వెండి డాలర్ అలాంటిదే. అప్పటికి నిజమైన మెరుపు ఎలా ఉంటుందో నేను చూడలేదు. తర్వాతెప్పుడో ఒక అసలైన నాణేన్ని పక్కన పెట్టి రెండూ వాల్చి చూశాను. ఒకదానిలో చక్రం తిరిగింది. నాదానిలో వెలుగు కదలకుండా రేకు డబ్బా మీద పడ్డట్టు పరుచుకుంది. భూతద్దంతో చూస్తే అక్షరాల అంచుల దగ్గర బ్రష్ నెట్టిన లోహం సన్నటి గట్టులా పేరుకుని ఉంది. ఆ గట్టు కోసం ఇప్పుడు ప్రతి నాణెంలోనూ వెతుకుతాను.

మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో వచ్చిన నాణేల మీద పచ్చటి జిగట పొర ఉందేమో చూడండి. పీవీసీ కవర్లు కాలం గడిచేకొద్దీ రసాయనాలు విడుదలచేసి లోహాన్ని తినేస్తాయి. మీరు ఉంచుకునే నాణేలను వెంటనే మైలార్ (పీవీసీ లేని ప్లాస్టిక్) కవర్లలోకి మార్చండి.

అరుదైన నాణెం అయితే నకిలీ అనుమానం తప్పదు. 1916లో డెన్వర్ టంకశాల కొట్టిన మెర్క్యురీ డైములు (అమెరికా పది సెంట్ల వెండి నాణేలు) 2,64,000 మాత్రమే. అదే ఏడాది ఫిలడెల్ఫియాలో కొట్టినవి కోట్లలో ఉన్నాయి. ఆ మామూలు నాణెం మీద డెన్వర్ గుర్తైన డి అక్షరం అతికించి అమ్మడం పాత మోసం. అక్షరం చుట్టూ అతుకు గీత, రంగు మార్పు ఉందేమో చూడాలి. 1943 నాటి రాగి సెంటు అని ఎవరైనా పంపితే ముందు అయస్కాంతం దగ్గర పెట్టండి. ఆ ఏడాది మామూలు సెంట్లు ఉక్కువి, వాటికి రాగిపూత వేసినా అయస్కాంతానికి అతుక్కుంటాయి. అతుక్కోకపోయినంత మాత్రాన అసలుదని కాదు, 1948 నాణెంలో అంకె చెక్కి 1943 చేసినవీ ఉన్నాయి. ఈ స్థాయి నాణేలను నేనైతే విడిగా కొననే కొనను. నాణేలకు గ్రేడ్ ఇచ్చే అమెరికా సంస్థలు పీసీజీఎస్ 1986 నుంచి, ఎన్‌జీసీ 1987 నుంచి నాణేలను పరిశీలించి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇస్తున్నాయి. ఆ పెట్టె మీద నంబరును వాళ్ల వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడి వివరాలు మీ చేతిలోని నాణేనికి సరిపోతున్నాయో లేదో చూసుకోవాలి. నకిలీ పెట్టెలు కూడా వస్తున్నాయి కాబట్టి నంబరు ఒక్కటే చాలదు, ఫోటో ఉంటే దానితో గీత గీతా పోల్చండి.

ధర సంగతి క్లుప్తంగా: ధరల పుస్తకంలో అంకె చూసి ఊరుకోవద్దు. అదే నాణెం, అదే గ్రేడ్‌లో ఇటీవలి వేలాల్లో ఎంతకు పోయిందో చూడండి. వేలం సంస్థల పాత ఫలితాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ‘ఇదే నాణెం నేను మీకు అమ్మితే ఎంత ఇస్తారు?’ అని వ్యాపారినే అడగండి. నిజాయితీ ఉన్నవాళ్లు చెబుతారు.

తిప్పి పంపడం

మూడు రోజులు చూసినా మనసు ఊగిసలాడుతుంటే అది వెనక్కి వెళ్లాల్సిన నాణెమే. ఇష్టమైన నాణెం విషయంలో అంత ఆలోచన ఉండదు.

వచ్చిన హోల్డర్‌లోనే, వచ్చిన జాబితా కాపీతో పాటు పెట్టండి. రెండు గట్టి అట్టముక్కల మధ్య కదలకుండా టేపు వేసి, కవరు ఊపినా చప్పుడు రాకుండా చూడండి. చప్పుడైతే లోపల నాణెం ఉందని దారిలో అందరికీ తెలుస్తుంది. పైన నాణేలు, కాయిన్స్ లాంటి మాటలు రాయొద్దు. రిజిస్టర్ చేయించి, నాణేల పూర్తి విలువకు ఇన్సూరెన్స్ కట్టండి. సరుకు వ్యాపారికి అందేదాకా బాధ్యత మీదేనని చాలా షరతుల్లో ఉంటుంది. రసీదు పారేయొద్దు. ఉంచుకున్నవాటికి డబ్బు అదే రోజు కట్టేయండి.

ఒక చిన్న కాగితం మీద ఎందుకు తిప్పి పంపుతున్నారో రాయండి. క్షమాపణలు అక్కర్లేదు. ఒక వ్యాపారి పంపిన అయిదు మోర్గాన్ డాలర్లనూ నేను ‘చెవి పైన జుట్టు అరిగింది, నాకు అరగనిది కావాలి’ అన్న ఒక్క వాక్యంతో వెనక్కి పంపాను. పంపాక రెండు రోజులు ఇబ్బందిగానే అనిపించింది, ఇక వాళ్లు నాకేమీ పంపరనుకున్నాను. నెల తర్వాత పొట్లం వచ్చింది. అందులో ఒకే ఒక్క డాలర్. ల్యాంప్ కింద వాల్చగానే అంచు నుంచి అంచుకు చక్రం ఆగకుండా తిరిగింది, చెవి పైన కూడా. డబ్బు ఆ సాయంత్రమే పంపేశాను.