చెరువు నీళ్లలో బాక్టీరియా – 4వ పాఠం: ప్లేటు లెక్క, పచ్చ కాలనీల భయం

పోయిన పాఠంలో రొయ్యల చెరువు నీళ్లు ఎక్కడ, ఎలా పట్టాలో చూశాం. ఆ సీసా ఇప్పుడు మీ చేతిలో ఉందనుకోండి.

ఈ పాఠం రాయడానికి ఒక కారణం ఉంది. పూసపాటిరేగ మండలం కోనాడ దగ్గర మా చిన్నాన్నకు చెరువు ఉంది. ఒకసారి ల్యాబ్ రిపోర్టులో "గ్రీన్ కాలనీలు" అని చూసి, "ఒరే, ఈఎమ్మెస్ వచ్చేసిందిరా" అని రాత్రికి రాత్రే పట్టుబడి పెట్టేశాడు, అంటే రొయ్యలన్నీ పట్టించేశాడు. ఈఎమ్మెస్ అంటే రొయ్యలు చిన్నప్పుడే మూకుమ్మడిగా చచ్చిపోయే జబ్బు. అప్పటికి పిల్ల వదిలి 60 రోజులు దాటింది, మేత బాగానే తింటోంది, చెక్‌ట్రేలో (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో) చచ్చిన రొయ్య ఒక్కటీ లేదు. 100 కౌంట్‌కే (కిలోకు 100 రొయ్యలు తూగే చిన్న సైజులోనే) అమ్ముకున్నాడు. ఆ రిపోర్టును ఎలా చదవాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు, నాకు ఆ బాధ ఇప్పటికీ ఉంది.

సరే, పనిలోకి వద్దాం. బాక్టీరియా విడివిడిగా కంటికి కనబడదు. టీసీబీఎస్ అగార్ (విబ్రియో అనే రకం బాక్టీరియాను పెంచడానికి ప్లేటులో పోసే జెల్లీ) మీద పరిస్తే ఒక్కోటి పెరిగి చుక్క అవుతుంది, ఆ చుక్కే కాలనీ. చెరువు నీళ్లు నేరుగా పోస్తే చుక్కలన్నీ కలిసిపోయి లెక్కకు అందవు కాబట్టి ముందు పలచన చేయాలి. 9 మిల్లీలీటర్ల ఉప్పునీటిలో 1 మిల్లీలీటరు చెరువు నీరు కలిపితే 10 రెట్లు పలచన. అందులోంచి 1 మిల్లీలీటరు తీసి ఇంకో 9లో కలిపితే 100 రెట్లు. ప్రతిసారీ పిపెట్ మార్చాలి, బాగా కుదపాలి. మామూలు డిస్టిల్డ్ వాటర్ వాడకండి, విబ్రియోలు ఉప్పుకు అలవాటుపడినవి, మంచినీళ్లలో చాలావరకు చచ్చిపోతాయి, మీ లెక్క తప్పుగా తక్కువ వస్తుంది. ఆ ఉప్పునీటిని ముందే కుక్కర్లో ఉడికించి చల్లార్చి పెట్టుకోండి. టీసీబీఎస్‌ను మాత్రం కుక్కర్లో పెట్టకూడదు, మామూలుగా మరిగిస్తే చాలు.

ప్లేటు మీద 0.1 మిల్లీలీటరు పరిచి, 28–30 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచండి. 100 రెట్ల ప్లేటులో 46 కాలనీలు వచ్చాయనుకుందాం. 46ను 100తో, మళ్లీ 10తో గుణించాలి (పోసింది మిల్లీలీటరులో పదో వంతే కదా). అంటే మిల్లీలీటరుకు 46,000. 30 కంటే తక్కువ, 300 కంటే ఎక్కువ ఉన్న ప్లేటును లెక్కకు తీసుకోకండి.

ఇక రంగు. టీసీబీఎస్‌లో పంచదార, రంగు మార్చే ఇండికేటర్ రెండూ ఉంటాయి. పంచదారను తినగలిగే విబ్రియో ఆమ్లం వదులుతుంది, కాలనీ పసుపు అవుతుంది. తినలేనిది పచ్చగానే ఉంటుంది. రంగు చెప్పేది ఇంతే! పసుపు కాలనీ ఇచ్చే విబ్రియో ఆల్జినోలిటికస్ కూడా రొయ్యను జబ్బు పరచగలదు. పైగా ప్లేటును ఎక్కువసేపు వదిలేసినా, ఫ్రిజ్‌లో పెట్టినా పసుపు కాలనీలు మళ్లీ పచ్చబడతాయి. అందుకే 24 గంటలకే చదివేయండి, రిపోర్టులో చదివిన టైము కూడా అడగండి.

మరి ఈఎమ్మెస్? 2013లో అరిజోనా యూనివర్సిటీలో డొనాల్డ్ లైట్‌నర్ బృందం ఆ జబ్బుకు కారణం విబ్రియో పారాహీమోలిటికస్‌లో ఒక ప్రత్యేక రకమని తేల్చింది. అది పచ్చ కాలనీయే ఇస్తుంది, భయమంతా అక్కడి నుంచే వచ్చింది. కానీ ఆ జాతి మొత్తం దోషి కాదు. విషం తయారుచేసే జన్యువులు ఒక ప్లాస్మిడ్ (బాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్ట) మీద ఉంటాయి, ఆ ప్లాస్మిడ్ ఉన్నదే రొయ్య లివర్‌ను పాడుచేస్తుంది, లేనిది ఆ జబ్బు తేలేదు. అదే ప్లాస్మిడ్ వేరే విబ్రియోల్లోనూ దొరికింది. ప్లాస్మిడ్ ఉందో లేదో రంగు చెప్పలేదు, పీసీఆర్ (ఫలానా జన్యువు ఉందో లేదో చూసే ల్యాబ్ పరీక్ష) చేయించాల్సిందే. ఆ జబ్బు ఎక్కువగా పిల్ల వదిలిన మొదటి 35 రోజుల్లోపే కొడుతుంది, లివర్ తెల్లబడి కుంచించుకుపోతుంది, పేగు ఖాళీగా ఉంటుంది. చిన్నాన్న చెరువులో వీటిలో ఒక్కటీ లేదు.

పని అయ్యాక ప్లేట్లను బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి పారేయండి, చేతి మీద గాయం ఉంటే గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

అభ్యాసం: 10 రెట్ల ప్లేటులో 212, 100 రెట్ల ప్లేటులో 19 కాలనీలు వచ్చాయి. ఏ ప్లేటు తీసుకుంటారు, మిల్లీలీటరుకు ఎంత? జవాబు వచ్చే పాఠం మొదట్లో చెప్తాను, ఆ తర్వాత నీళ్లు పక్కనపెట్టి రొయ్య లివర్‌లోంచి శాంపిల్ తీయడం నేర్చుకుందాం.